వరుస తప్పకుండా వినవలసిన ఆల్బమ్: విల్లీ నెల్సన్ ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’

అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ నాకు మొదట పాటలు రాసే మనిషిగానే తెలుసు. 1961లో పాట్సీ క్లైన్ పాడిన ‘క్రేజీ’ని ఎన్నోసార్లు విన్న తరువాత, దాన్ని రాసినవాడు తానే పాడితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించి, అందరూ గొప్పదని చెప్పే ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ను ఒక రాత్రి ఫోన్‌లో పెట్టుకున్నాను. ఫోన్ ఆ పాటలను వరుస మార్చి కలగాపులగంగా వినిపిస్తున్నదని నేను గమనించలేదు. ఒక పాట సగంలో ఆగినట్టుగా ముగిసింది. ఒకటి మాటలే లేకుండా పియానో మీద నడిచింది. ముందెప్పుడో విన్న చరణం మళ్ళీ ఎక్కడినుంచో వచ్చి నిమిషంలో మాయమైంది. బాగుందని గాని బాగాలేదని గాని చెప్పలేక ఆపేశాను. కొన్ని నెలల తరువాత, మొదటి పాటనుంచి చివరిదాకా వరుసగా విన్నప్పుడు, అదే ముప్పై మూడు నిమిషాల సంగీతం నన్ను కూర్చున్న చోటునుంచి లేవనివ్వలేదు. ఆనాటినుంచి ఈ ఆల్బమ్‌కు దక్కిన ఆదరణ గురించి ఏది చదివినా నాకు ఒకటే ప్రశ్న కలుగుతుంది: విన్నవారు దీన్ని ఒక కథగా విన్నారా, విడివిడి పాటలుగా విన్నారా?

ఈ ఆల్బమ్ వచ్చిన 1975 నాటికి నెల్సన్‌కు నలభై రెండేళ్ళు. టెక్సస్‌లోని అబట్ అనే చిన్న ఊళ్ళో పుట్టి, రేడియోలో పాటలు వేసే ఉద్యోగాలు చేసి, బార్లలో పాడి, చివరికి కంట్రీ సంగీతానికి, అంటే అమెరికా పల్లెపాటల్లోంచి పెరిగిన సంగీతానికి, రాజధాని అనదగిన నాష్‌విల్ చేరినవాడు. అక్కడ అతని పాటలు ఇతరుల నోట గెలిచాయి. ఫారన్ యంగ్ పాడిన ‘హలో వాల్స్’ 1961లో బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ చార్టులో మొదటి స్థానంలో నిలిచింది. తన గొంతుతో మాత్రం అతను అప్పటిదాకా ఆ స్థానాన్ని ఒక్కసారీ చేరలేదు. ఆర్‌సీఏ రికార్డు సంస్థలో ఉన్న సంవత్సరాల్లో అతని రికార్డులను ఆనాటి నాష్‌విల్ పద్ధతిలో, వయొలిన్ల బృందంతోనూ కోరస్‌తోనూ నింపి తయారుచేసేవారు. ఆ పద్ధతి చెడ్డదని నేను అనను. దానిలోంచి ఎంతో మంచి సంగీతం వచ్చింది. కాని నెల్సన్ గొంతు దానికి లొంగదు. అతను తాళం మీద సూటిగా నిలబడి పాడడు. ఒక మాటను ముందుకు లాగుతాడు, ఇంకొకదాన్ని ఆలస్యం చేస్తాడు, పాదం చివరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడ చేరాలో అక్కడికే చేరతాడు. తాళానికి ముందుగానో, తాళం మొదలయ్యాకనో పాటను ఎత్తుకొనే కర్ణాటక సంగీతపు అతీత, అనాగత గ్రహాలకు అలవాటుపడిన చెవికి ఇది వింతగా తోచదు. పాతికమంది కాగితం చూసి ఒకే కాలప్రమాణంలో వాయించే బృందం ముందు మాత్రం ఇలాంటి గాయకుడు దారి తప్పినవాడిలా వినబడతాడు.

నాష్‌విల్ సమీపంలో రిడ్జ్‌టాప్‌లోని తన ఇల్లు కాలిపోయిన తరువాత నెల్సన్ టెక్సస్‌కు తిరిగి వచ్చి, కొంతకాలం బండేరా అనే ఊళ్ళో ఉండి, తరువాత ఆస్టిన్‌లో స్థిరపడ్డాడు. అట్లాంటిక్ సంస్థకు 1973లో, 1974లో చెరొక ఆల్బమ్ చేశాడు. ఆ సంస్థ తన కంట్రీ విభాగాన్ని మూసివేయడంతో కొలంబియా రికార్డు సంస్థకు మారాడు. అక్కడ కుదుర్చుకొన్న ఒప్పందంలో అతనికి అన్నిటికంటె విలువైన షరతు, ఏమి పాడాలో, ఎలా పాడాలో, ఎవరితో వాయించుకోవాలో నిర్ణయించే అధికారం పూర్తిగా తనదే కావడం.

ఆ అధికారంతో అతను చేసిన మొదటి పని, ఒక పాత జోలపాటను తిరిగి పట్టుకోవడం. ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ అనే పాట 1950లలోది. ఎడిత్ లిండెమన్, కార్ల్ స్టట్జ్ అనే ఇద్దరు కలిసి రాయగా, ఆర్థర్ స్మిత్ పాడి రికార్డు చేశాడు. ఫోర్ట్‌వర్త్ రేడియోలో పనిచేసిన రోజుల్లో నెల్సన్ ఆ రికార్డును పిల్లల కోసం వేసేవాడు, ఇంట్లో తన పిల్లలను నిద్రపుచ్చడానికి పాడేవాడు. కొలరాడోలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ నుంచి ఆస్టిన్‌కు కారులో తిరిగి వస్తూ, కొత్త ఆల్బమ్‌కు ఏమి చేయాలా అని ఆలోచిస్తున్నప్పుడు, ఆ పాటనే పెద్ద కథగా పెంచమని అప్పటి అతని భార్య సలహా ఇచ్చింది. గుర్రం మీద వచ్చే ఆ ఎర్రజుట్టు అపరిచితుడు ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, అంత కోపం దేనికి? పాటలో లేని ఈ సమాధానాల కోసం నెల్సన్ దారి పొడవునా కొత్త పాటలు కట్టాడు, వీలైనచోట పాతవాటిని తెచ్చి అతికాడు.

ఈ అతకడాన్నే నేను అతని అసలు రచన అంటాను. సొంత పాటలు రాసి పాడేవాళ్ళలో అగ్రగణ్యుడుగా పేరున్న మనిషి తన జీవితంలోకెల్లా పేరుపొందిన ఆల్బమ్‌ను చాలావరకు పరాయి పాటలతో కట్టాడు. ఎడ్డీ ఆర్నాల్డ్ పాట ఉంది, హ్యాంక్ కాక్రన్ పాట ఉంది, ఫ్రెడ్ రోజ్ పాట ఉంది, ఒక చర్చి కీర్తన ఉంది, మెక్సికో స్వరకర్త హువెంటీనో రోసాస్ కట్టిన వాల్ట్జ్ అనే నృత్యపు బాణీ ఉంది. ఇవన్నీ వేరువేరు కాలాల్లో, వేరువేరు అవసరాలకు పుట్టినవి. వాటి మధ్య నెల్సన్ రాసిన ‘టైమ్ ఆఫ్ ది ప్రీచర్’ పల్లవిలాగా పదే పదే తిరిగి వస్తుంది. ఫోన్‌లో నాకు ఎక్కడినుంచో ఊడిపడినట్టు తోచిన తునకలు అవే.

1975 జనవరిలో టెక్సస్‌లోని గార్లండ్‌లో, ఆటమ్ సౌండ్ అనే స్టూడియోలో, ఫిల్ యార్క్ ఇంజనీరుగా కొద్ది రోజుల్లో రికార్డింగు ముగిసింది. వాయించినది ఊరూరా తనతో తిరిగే బృందమే. పియానో మీద అక్క బాబీ నెల్సన్, డ్రమ్ములకు పాల్ ఇంగ్లిష్, బేస్‌కు బీ స్పియర్స్, హార్మోనికాకు మికీ రఫేల్ కూర్చున్నారు. ఖర్చు సుమారు 4,000 డాలర్లని సాధారణంగా చెబుతారు. పెద్ద సంస్థ కోసం చేసిన ఆల్బమ్‌కు అది చాలా చిన్న మొత్తం. నెల్సన్ చేతిలో ఉన్నది ‘ట్రిగర్’ అని పేరు పెట్టుకొన్న మార్టిన్ ఎన్-20 గిటారు. దానికి నైలాన్ తీగలు. కంట్రీ గాయకులు మామూలుగా వాడే ఉక్కు తీగల గిటారుకు ఉండే మెరుపు దానికి లేదు. గుండ్రంగా, కొంచెం పొడిగా, దగ్గర కూర్చుని మాట్లాడుతున్నట్టుగా పలుకుతుంది. ఈ ఆల్బమ్‌లో చాలాచోట్ల ఒక స్వరం మీటి అది ఆరిపోయేదాకా ఇంకేదీ మోగదు. డ్రమ్ములు ఉన్నాయా లేవా అని చెవులు రిక్కించి వినవలసి వస్తుంది. బాబీ పియానో పిలిచినప్పుడు మాత్రమే వచ్చి, పని కాగానే తప్పుకొంటుంది.

టేపులు విన్న కొలంబియా పెద్దలు ఇది ఆల్బమా, లేక తరువాత నింపబోయే నమూనా రికార్డింగా అని సందేహించారు. నాష్‌విల్‌లో ఆ సంస్థకు ముఖ్య నిర్మాతగా ఉన్న బిల్లీ షెరిల్‌కు ఇది నచ్చలేదు. సంస్థ పెద్దల్లో ఒకడైన బ్రూస్ లండ్‌వల్‌కూ మొదట ఇదే సందేహం కలిగిందనీ, అతనికి టేపు వినిపించిన గదిలోనే ఉన్న నెల్సన్ మిత్రుడు, గాయకుడు వేలన్ జెన్నింగ్స్ కోపంతో లేచి అరిచాడనీ ఒక కథ రకరకాలుగా ప్రచారంలో ఉంది. ఒప్పందం ప్రకారం సంస్థ చేయగలిగినది ఏమీ లేకపోవడంతో, ఒక్క వాద్యం కూడా అదనంగా చేర్చకుండా, ఆ ఏడాది మే నెలలో ఆల్బమ్ విడుదలైంది.

ఈ ఘట్టాన్ని చెప్పేవారు సాధారణంగా సంస్థ పెద్దలను చెవులు లేనివాళ్ళుగా చిత్రిస్తారు. నాకు ఆ మాట అన్యాయమనిపిస్తుంది. షెరిల్ సామాన్యుడు కాడు. టామీ వైనెట్, చార్లీ రిచ్, జార్జ్ జోన్స్ లాంటి కంట్రీ గాయకుల రికార్డుల వెనుక ఉన్న చెవి అతనిది. ఒక పాటలోని దుఃఖాన్ని వాద్యబృందంతో మెల్లమెల్లగా పెంచి శిఖరానికి చేర్చే విద్యలో అతనికి సాటి వచ్చేవారు తక్కువ. అలాంటి చెవికి ఈ టేపులో పెరుగుదలే కనబడి ఉండదు. పాటను పాటగా కొలిస్తే అతని తీర్పు తప్పని నేను గట్టిగా చెప్పలేను. ‘టైమ్ ఆఫ్ ది ప్రీచర్’ తునకల్లో ఒక్కదాన్నయినా విడిగా తీసి వినిపిస్తే అది అసంపూర్ణమే. మొదటి రాత్రి నేను విన్నదీ ఆ అసంపూర్ణతనే.

ఆల్బమ్‌ను జనంలోకి తీసుకువెళ్ళినది మాత్రం విడిగా తీసిన ఒక పాటే. ‘బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ది రెయిన్’ను ఫ్రెడ్ రోజ్ 1940లలో రాశాడు, రాయ్ ఎకఫ్ 1947లో రికార్డు చేశాడు. రోజ్ 1954లోనే మరణించాడు. అతని పాట మూడు దశాబ్దాల తరువాత, రెండున్నర నిమిషాలైనా లేని నిడివితో, 1975 అక్టోబరులో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. గాయకుడిగా నెల్సన్‌కు అదే మొదటిసారి. అన్ని రకాల పాటలూ ఉండే హాట్ 100లో 21వ స్థానందాకా వెళ్ళింది, ఉత్తమ కంట్రీ గాయకుడిగా అతనికి గ్రామీ తెచ్చిపెట్టింది. ఆల్బమ్ కంట్రీ ఆల్బమ్‌ల చార్టులో అగ్రస్థానం అందుకొని, సాధారణ చార్టులో 28వ స్థానం చేరి, 1976లో అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది. తరువాతి కాలంలో 20 లక్షల ప్రతులు దాటింది. కంట్రీ అంటే ఏమిటనే తగాదా నాష్‌విల్‌లో ముదిరిన రోజులవి. పాప్ వైపు మొగ్గిన గాయకుడు జాన్ డెన్వర్‌కు ఆ ఏటి ముఖ్య కంట్రీ పురస్కారం ప్రకటించవలసిన చార్లీ రిచ్, అతని పేరున్న కాగితాన్ని వేదిక మీదే లైటరుతో కాల్చినది కూడా ఆ అక్టోబరులోనే. పాప్ సంగీతానికి దగ్గరవుతున్నామా అని ఇంత రభస జరుగుతుండగా, కంట్రీలోని అతి పాత సరుకుతో చేసిన నిరాడంబరమైన పాట పాప్ శ్రోతల దగ్గరకూ వెళ్ళింది.

రేడియోలో ఆ పాట విన్నవారికి వినబడినది సున్నితమైన వియోగగీతం. సంధ్యవేళ, వాన, ఏడుస్తున్న నీలికళ్ళు, ముద్దు పెట్టుకొని విడిపోవడం, ఇక కలవబోమని ఆ క్షణంలోనే తెలిసిపోవడం. ఆరిపోతున్న నిప్పుకణిక లాంటి ప్రేమ. ఏనాటికో పరలోకంలో చేయి చేయి పట్టుకొని నడుస్తామనే ఆశ. ఎవరి జీవితంలోనైనా ఇమిడిపోగల పాట అది.

ఇప్పుడు అదే పాట ఆల్బమ్‌లో ఎక్కడ వస్తుందో చూడండి. కథానాయకుడు ప్రీచర్, అంటే ఊరికి దేవుని మాట చెప్పేవాడు. భార్య అతన్ని విడిచి పాత ప్రియుడి దగ్గరకు వెళ్ళిపోతుంది. అతను నమ్మలేడు, ఏడుస్తాడు, వెతుక్కుంటూ గుర్రమెక్కి బయలుదేరతాడు. ఒక సాయంత్రం ఒక మారుమూల సారాకొట్టులో ఇద్దరినీ చూస్తాడు. అతను తలుపు తోసుకొని లోపలికి వచ్చే వేళకు వాళ్ళు ఒకరినొకరు చూసి నవ్వుకొంటున్నారు. ముఖాల మీద ఆ నవ్వు ఉండగానే చనిపోతారు. నెల్సన్ ఈ హత్యను రెండు నిమిషాలు కూడా లేని తునకలో, గొంతు పెంచకుండా, ఊళ్ళో జరిగిన సంగతి చెప్పినట్టు చెబుతాడు. తుపాకి చప్పుడు లేదు. అది ముగిసిన వెంటనే, మధ్యలో ఒక్క మాట వివరణ లేకుండా, నైలాన్ తీగల గిటారు మోగి ‘బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ది రెయిన్’ మొదలవుతుంది.

వరుసలో విన్న రాత్రి ఇక్కడే నా ఒళ్ళు జలదరించింది. ఇక కలవబోమని తనకు తెలుసని పాడుతున్నవాడు, కలవకుండా చేసినవాడే. పరలోకంలో చేయి పట్టుకొని నడుస్తామని ఆశపడుతున్నవాడు, ఆమెను అక్కడికి పంపినవాడే. ఫ్రెడ్ రోజ్ పాటకు నెల్సన్ కథ కోసం కొత్తగా ఏమీ చేర్చలేదు, గొంతులో క్రోధం గాని పశ్చాత్తాపం గాని ప్రత్యేకంగా పలికించలేదు. పాటను తెచ్చి ఆ చోట పెట్టాడు, అంతే. దుఃఖం అబద్ధం కాదు. అతను నిజంగానే ఆమెను ప్రేమించాడు, నిజంగానే ఏడుస్తున్నాడు. అందుకే భయం వేస్తుంది. ఈ చోట వయొలిన్లు నింపి ఉంటే అవి మనకు ఏదో ఒకటి చెప్పేవి: ఇతనిమీద జాలిపడమనో, ఇతన్ని చూసి భయపడమనో. ఏ సూచనా లేని నిశ్శబ్దంలో ఆ రెండు భావాలూ ఒకేసారి మనసులో మెదిలి, ఏదీ పైచేయి కాకుండా ఉండిపోతాయి.

విమర్శకుల్లో చాలామంది ఆల్బమ్‌ను మెచ్చుకొన్నారు. రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్ష అమెరికన్ రచయిత హెమింగ్వేను తలచుకొంది. చెప్పినదానికంటె పంక్తుల మధ్య వదిలినదే ఎక్కువ పనిచేసే రచనతో ఈ పాటలను పోల్చింది. టెక్సస్ మంత్లీ పత్రికలో చెట్ ఫ్లిప్పో ఇది ఏ వర్గంలోకీ చేర్చలేని, ఈ లోకానికి చెందినట్టు లేని రికార్డని రాశాడు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వీరితో ఏకీభవించని రాబర్ట్ క్రిస్ట్‌గౌ. అతను దీనికి ‘బి మైనస్’ శ్రేణి మాత్రమే ఇచ్చి, కొన్ని పాటలు విడిగా చక్కగా ఉన్నా, వాటిని కథలో బిగించడం వల్ల సొగసు పోగొట్టుకొన్నాయనీ, మాటల్లేని పాత బాణీలకు అక్కరలేని వ్యంగ్యం అంటుకొందనీ అభిప్రాయపడ్డాడు. అతను గమనించిన విషయం సరైనదే. కథలో పడ్డాక ‘బ్లూ ఐస్’ సొగసు నిజంగానే పోతుంది. దాని స్థానంలో వచ్చినదాన్ని అతను వ్యంగ్యమన్నాడు. నాకు అందులో వ్యంగ్యం ఎక్కడా వినబడదు. ఒక అందమైన పాటను తప్పు చేసినవాడి నోట విన్నప్పుడు, ఆ అందం మనల్ని ఎంత సులభంగా అతనివైపు తిప్పుతుందో తెలిసివస్తుంది. మెచ్చుకొన్నవారిలో కంటె, తప్పుపట్టిన ఈ ఒక్కడిలోనే ఆల్బమ్‌ను కథగా విన్న గుర్తు నాకు స్పష్టంగా కనబడింది.

నేను కూడా ఒకచోట తప్పుపట్టవలసి ఉంది. ‘బ్లూ ఐస్’ వెంటనే వచ్చే శీర్షికగీతంలో, నల్ల గుర్రమెక్కి, చనిపోయిన భార్య ఎక్కిన గుర్రాన్ని వెంట నడిపించుకొంటూ అపరిచితుడు ఒక ఊరికి వస్తాడు. పసుపుపచ్చ జుట్టు గల ఒక స్త్రీ ఆ గుర్రం మీద చెయ్యి వేస్తుంది. అతను ఆమెను కాల్చి చంపుతాడు. గుర్రం దొంగిలించబోయిన ఆడదాన్ని చంపినందుకు మగవాణ్ణి ఉరితీయరు కదా అని పాట అతన్ని వదిలేస్తుంది. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. దీన్ని రాసినవారిలో ఎడిత్ లిండెమన్ ఒక స్త్రీ, రిచ్‌మండ్ పత్రికలో సినిమాల, నాటకాల విమర్శకురాలు. ఆ వాక్యంలో ఊరివాళ్ళ న్యాయాన్ని ఎత్తిచూపే ఉద్దేశం ఆమెకు ఉండవచ్చునని అనుకోవాలనిపిస్తుంది. నెల్సన్ గొంతులో మాత్రం అలాంటి దూరం నాకు వినబడదు. చనిపోయిన ఇద్దరు స్త్రీలకూ ఆల్బమ్‌లో పేరు లేదు, మాట లేదు. మాట లేనివాళ్ళ స్థానంలో నిశ్శబ్దం ఉండడం కథకుని కళ అని సమర్థించవచ్చు. నేను ఎంతో ప్రేమించే ఈ ఆల్బమ్ గురించి కూడా ఆ సమర్థన నాకు పూర్తిగా చాలదు.

ఆ హత్య తరువాత ‘టైమ్ ఆఫ్ ది ప్రీచర్’ చివరిసారి వచ్చి పోతుంది. ఎల్పీ రికార్డు మొదటి వైపు ముగింపుగా ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ అనే కీర్తనను బాబీ పియానో మీద వాయిస్తుంది. ఉన్నవాణ్ణి ఉన్నట్టుగానే నీ దగ్గరకు వస్తున్నానని పాపి దేవునితో చెప్పుకొనే కీర్తన అది. క్రైస్తవ బోధకుడు బిల్లీ గ్రహమ్ సభల్లో జనాన్ని వేదిక ముందుకు పిలిచే వేళ పాడేవారు కాబట్టి, ఆనాటి అమెరికన్ శ్రోతల్లో చాలామందికి మాటలు కంఠస్థం. ఫోర్ట్‌వర్త్‌లో రాత్రులు బార్లలో పాడుతూ, ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పిన నెల్సన్‌కు ఆ మాటలు ఎంత దగ్గరివో చెప్పనక్కరలేదు. అయినా వాటిని పాడలేదు. ప్రీచర్ నోట ఆ మాటలు రాకపోవడమే సరైనదని నాకు గాఢంగా అనిపిస్తుంది. ఆ మాటలు తెలియని నేను, వాటిని వెతికి చదువుకొన్న తరువాత, ఆ రెండు నిమిషాలూ వేరే సంగీతంలా వినబడ్డాయి.

రెండవ వైపు కథ పలచబడుతుంది. డెన్వర్ నగరపు దీపాలు, ఒక నృత్యం, కొత్తగా పరిచయమైన ఒక స్త్రీ, తోడు కోసం అడిగే బిడియం. చివరికి బిల్ కాలరీ రాసిన ‘హ్యాండ్స్ ఆన్ ది వీల్’లో ముసలితనం, పక్కన ఒక పసివాడు, ఇల్లు చేరిన నెమ్మది కనిపిస్తాయి. ఇతనికి ఈ శాంతి దక్కడం న్యాయమేనా అన్న విషయం పాట ఎత్తదు.

తరువాతి గౌరవాలు చాలా వచ్చాయి. 2002లో గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. 2006లో కంట్రీ సంగీతపు టీవీ చానెల్ సీఎంటీ కంట్రీ ఆల్బమ్‌లలో దీన్ని మొదటి స్థానంలో నిలిపింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2009 సంవత్సరపు జాబితాలో భద్రపరచవలసిన ధ్వనిముద్రణగా ఎంచుకొంది. నమూనా అనుకొన్న టేపు ఆ గిడ్డంగిలోకి చేరిందని తలచుకొంటే సంతోషంగానే ఉంటుంది.

ఎవరికైనా ఈ ఆల్బమ్ వినమని చెప్పినప్పుడు, పాటల వరుస మార్చి వినిపించే మీటను ముందుగా ఆపుకోమని చెబుతున్నాను. చివరి బాణీ పేరు ‘బండేరా’. ఇల్లు కాలిన తరువాత నెల్సన్ తలదాచుకొన్న ఊరి పేరే అది. కథ పూర్తయింది కనుక దీని ముందే ఆపివేసేవాళ్ళు ఉన్నారు. ఆపవద్దు. అందులో గొంతు లేదు, పాత బాణీలేవీ తిరిగి రావు, ప్రీచర్ ప్రస్తావన లేదు. ట్రిగర్ మాత్రం రెండు నిమిషాలపాటు మోగి, చివరి స్వరాన్ని దాని మానాన అది ఆరిపోయేదాకా వదిలేస్తుంది.